బిందె నిండేదాకా చదివే గోడ

ఇవాళ పొద్దున మా ఆఫీసు తొమ్మిదో అంతస్తులో ఎనామెల్ పెయింటు డబ్బా మూత ఒకటి తెరుచుకుంది. బెళ్ళందూరులో మా భవనమంతా అద్దాలే కానీ తెరుచుకునే కిటికీ ఒక్కటీ లేదు. అందువల్ల ఆ వాసన ఎటూ పోలేక, ఏసీ గాలితో కలిసి అందరి బల్లల దగ్గరకూ వెళ్ళి పలకరించింది. చాలామంది ముక్కులు మూసుకున్నారు. నేను కళ్ళు తుడుచుకుంటుంటే పక్క సీటు అమ్మాయి శ్రావ్య చూసి, "సార్, మీకు ఎలర్జీ అనుకుంటా, ఇంటికెళ్ళి పని చేసుకోండి" అంది. "ఎలర్జీ కాదమ్మా, ఎనర్జీ" అన్నాను. మర్యాదకు నవ్వింది. నా మాటలకు మర్యాదకు నవ్వేవాళ్ళు ఇంకా ఉన్నందువల్లే నేను ఉద్యోగాలు నెట్టుకొస్తున్నాను.

ఈ కంపెనీలో సామాజిక బాధ్యత విభాగానికి నేను పెద్దని. నా హోదా పేరు విజిటింగ్ కార్డు మీద రెండు వరుసలు పడుతుంది. ఈ పని నాకు నేర్పినావిడకు మాత్రం కార్డంటూ ఉండేది కాదు. గోడ ఉండేది. తెల్ల సున్నం మీద నీలం ఎనామెల్ అక్షరాలు, పైన కన్నడం, కింద తెలుగు. ఆ నీలం రంగు వాసన ఎక్కడ తగిలినా నేను బొమ్మనహళ్ళిలో ఆ గేటు పక్కన నిలబడి ఉంటాను.

ఆవిడ పేరు గిరిజమ్మ. కాటన్‌పేటలో మూడు తరాలుగా బట్టల టోకు వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం వాళ్ళది. భర్త అంగడి చూసుకునేవారు. ఆవిడ బొమ్మనహళ్ళిలో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ నడిపేవారు. నేను ఒంగోలు దగ్గర్నుంచి బెంగళూరుకు వచ్చి, ఒక బిల్డరు దగ్గర కొన్నేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగే పని చేశాను. నా పేరు ప్రసాదు. నా చేతుల మీదుగా ఆఫీసులకు వెళ్ళేదాన్ని కూడా ప్రసాదమనే పిలిచేవారు. లంచ్‌కు చివర ఒక సున్నా చేరిస్తే లంచం అవుతుందనీ, ఎన్ని సున్నాలు చేరిస్తే ఫైలు అంత వేగంగా నడుస్తుందనీ నేను చెబితే మా బిల్డరు పడీపడీ నవ్వేవాడు. ఆ పేరుప్రఖ్యాతులతోనే గిరిజమ్మ దగ్గరకు ఉద్యోగానికి వెళ్ళాను.

"ఏ ఆఫీసులోనైనా సరే, ఎంత బరువైన ఫైలైనా సరే, కదిలిస్తానండీ" అన్నాను.

ఆవిడ ఒక చొక్కా కాలరు తిరగేసి కుట్టు చూస్తూ, తల ఎత్తకుండానే, "ఫైలు కదిలిచ్చేకి నువ్వేలప్పా, ఫ్యాను వేస్తే కదులుతాది. నాకు పోయి అడిగేవాడు కావాల" అన్నారు.

"అడగడమంటే?"

"అడిగేదంటే అడిగేదే. నోటితో. ప్రతి సోమవారం పోతావు, కూర్చుంటావు, మా అర్జీ ఏమైందని అడుగుతావు, వస్తావు. చేతిలో ఏమీ ఉండకూడదు."

వట్టి చేతులతో ఆఫీసుకు వెళ్ళడమంటే నాకు చొక్కా లేకుండా వెళ్ళడమే. అదీ చొక్కాల ఫ్యాక్టరీ తరఫున. అయినా జీతం వచ్చే ఉద్యోగం, ఒప్పుకున్నాను. అప్పుడు ఆవిడ నన్ను గేటు బయటికి తీసుకెళ్ళి గోడ చూపించారు.

ఫ్యాక్టరీకి నీళ్ళు శుద్ధి చేసే యంత్రం ఉండేది. ఆ నీళ్ళను గోడలోంచి బయటికి తెచ్చి వీధి జనం కోసం నాలుగు నల్లీలు పెట్టించారు. నల్లీ అంటే కొళాయే, అక్కడ అందరూ అలాగే అంటారు. ఆ నల్లీల పైన గోడను నడుమ గీత గీసి రెండు భాగాలు చేశారు. ఎడమవైపు వీధికి కంపెనీ చేసినవి: కాలువ మీద రాతి పలకలు వేయించిన తేదీ, పిల్లల బడికి మరుగుదొడ్లు కట్టించిన తేదీ, ఇలాంటివి. కుడివైపు కంపెనీ ప్రభుత్వ ఆఫీసులను అడిగినవి: ఏమి అడిగాం, ఏ రోజు అడిగాం, ఏ రోజు వచ్చింది. రానివాటి ఎదురుగా "ఇంకా రాలేదు" అని మాత్రమే ఉండేది. ఎవరి పేరూ లేదు, ఎవరి మీదా నింద లేదు. జనం తమ గోడు గోడకు చెప్పుకుంటారని విన్నాను కానీ, గోడే గోడు చెప్పుకోవడం అప్పుడే చూశాను.

"ఇవి ఎవరు చదువుతారండీ?" అన్నాను.

"బిందె నిండేకి ఎంతసేపు పడుతుంది? అంతసేపు మనిషి యాడ చూడల్ల? గోడే చూడల్ల."

ఆ గోడ బలం నాకు మూడో నెలలో తెలిసింది. కొత్త మిషన్లకు ఎక్కువ కరెంటు కావాలని పెట్టిన అర్జీ ఎన్నాళ్ళుగానో అలాగే పడి ఉంది. నేను సోమవారం సోమవారం వెళ్ళి బెంచీ మీద కూర్చుని, ఉపవాసం లేని సోమవార వ్రతం చేస్తున్నాను. ఒకనాడు ఆ ఆఫీసు ఇంజినీరే వేరే పని మీద మా వీధికి వచ్చి, దాహమేసి, నల్లీ కింద దోసిలి పట్టారు. నీళ్ళు తాగి తల ఎత్తితే ఎదురుగా తన ఆఫీసుకు పెట్టిన అర్జీ, తేదీతో సహా. పక్కన బిందె పట్టుకున్న దేవీరమ్మ ఉంది. మా వీధిలో ఆకుకూరలమ్మేది, ఎవరినీ ఊరికే వదిలేది కాదు. "సార్, మీరు కరెంటు ఆఫీసే కదా, పాపం వాళ్ళది ఇంకా రాలేదంట" అందట. పది రోజుల్లో కరెంటు వచ్చింది. మునియప్పను పిలిపించి "వచ్చింది" అని రాయించాం. ఆ గోడ మీద ప్రతి అక్షరమూ పెయింటర్ మునియప్ప చేతిదే.

ఇవన్నీ ఎందుకు చేస్తున్నారని ఆవిడను ఒకసారి అడిగాను. ధర్మం, పుణ్యం అంటారనుకున్నాను. ఆవిడ నవ్వారు. "పుణ్యానికి గుడి ఉండాది, ఇది వ్యాపారమప్పా. మా మామ కాలంలో అంగడికి ఏ ఆఫీసరొచ్చినా ఇచ్చి పంపిస్తా ఉండ్రి. ఒగాయన పోతే ఇంగొగాయన. పాతాయన కొత్తాయనకు చెప్పిపోయేది ఒగటే, వాళ్ళిస్తారు అని. అట్లనే ఇచ్చినారు, అట్లనే భయపడినారు. నేను చూసి చూసి ఒగటి నేర్చుకుంటి. ఆఫీసరు మారతాడు, బీది మారదు. పెట్టేది మారనిదాంట్లో పెట్టల్ల." బీది అంటే వీధే. సామాజిక బాధ్యతకు ఇప్పుడు వాడే సీఎస్సార్ అనే మూడక్షరాలు అప్పటికి ఆ వీధి దాకా రాలేదు. వచ్చినా ఆవిడ అంతకంటే బాగా చెప్పేవారు కాదు.

ఇక నా ఘనకార్యం గురించి చెప్పాలి. రెండేళ్ళు గడిచాయి. విదేశీ కంపెనీ ఒకటి పెద్ద ఆర్డరు ఇచ్చింది. ఫ్యాక్టరీ మీద మూడో అంతస్తు కట్టాం, మిషన్లు దించాం, ఎనభై మంది ఆడవాళ్ళను కొత్తగా తీసుకున్నాం. వాళ్ళలో సగం మంది ఆ వీధివాళ్ళే. అగ్నిప్రమాద భద్రత అనుమతి ఒక్కటి రావాలి. అది రానిదే పై అంతస్తులో ఒక్క దారం కూడా ఎక్కించడానికి లేదు. ఆలస్యమైతే ఆర్డరు వేరే ఊరికి పోతుంది, ఆ ఎనభై మందికీ పని ఉండదు. నేను సోమవారాలు వెళ్తూనే ఉన్నాను. ఒకరోజు ఆ అనుమతి ఇచ్చే అధికారి నాకు కాఫీ తెప్పించారు. రెండేళ్ళలో ఆఫీసు బెంచీల మీద నాకు వచ్చిన మొదటి కాఫీ అది.

"మీ గోడ గురించి విన్నాను. మంచి పని చేస్తున్నారు" అన్నారు. "నాకు ఏమీ వద్దండి, ఆ పద్ధతి మనది కాదు. మా బావమరిది ఒక ట్రస్టు నడుపుతున్నాడు. పేద ఆడపిల్లలకు కుట్టు నేర్పిస్తాడు, పాపం మిషన్లు లేవు. మీది కుట్టు కంపెనీయే కదా."

నాకు ఆనందంతో కాఫీ చల్లారిందో లేదో కూడా తెలియలేదు. ఇది లంచం కాదు, నోట్లు లేవు, కవరు లేదు. పేద పిల్లలు, కుట్టు మిషన్లు. గిరిజమ్మ పద్ధతికి నా తెలివి చేర్చి కొత్త దారి కనిపెట్టాననుకున్నాను. కొత్తవి దించాక పాత మిషన్లు పది పక్కన ఉన్నాయి. "కుట్టు శిక్షణకు ఇస్తున్నామండీ" అని ఆవిడతో ఒక్క ముక్క చెప్పి, సోమవారం పంపించేశాను. ఎవరి ట్రస్టో, ఎవరు అడిగారో చెప్పలేదు. గురువారం అనుమతి పత్రం వచ్చింది. శుక్రవారం మునియప్పను పిలిచి తేదీలతో సహా రెండు వరుసలు చెప్పాను: ఎడమవైపు ఫలానా ట్రస్టుకు పది మిషన్లు, కుడివైపు భద్రత అనుమతి వచ్చింది.

మునియప్ప కుంచె దులుపుతూ, "రెండూ ఒగేసారి రాయాల్నా సార్?" అన్నాడు.

"రెండూ, పెద్ద అక్షరాలతో" అన్నాను.

సాయంత్రం నల్లీల దగ్గర నలుగురు ఆడవాళ్ళున్నారు. గిరిజమ్మ ఇంటికి బయల్దేరుతూ గేటు దాటారు, వెనకాల నేను. దేవీరమ్మ గోడకేసి చూస్తూ బిందె సర్దుకుని, చాలా మామూలుగా, "మీరూ ఇచ్చేస్తిరా అక్కా" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఇంటికి చుట్టాలొచ్చారా అని అడిగినట్టు అంది. గిరిజమ్మ ఆగి గోడ చదివారు. ఎడమ చదివారు, కుడి చదివారు, మళ్ళీ ఎడమ చదివారు.

"ఈపక్క సోమవారం, ఆపక్క గురువారం" అన్నారు నాతో. "నడుమ ఏముండాది ప్రసాదూ?"

అక్కడ ఉన్నది మునియప్ప గీసిన నీలం గీత. దాని వైపే చూస్తూ నిలబడ్డాను. తర్వాత జరిగిందంతా చెప్పాను. ఆవిడ ఆఖరిదాకా విని ఇంటికి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున ఆటో పిలిపించి, "పిల్లలు నేర్చుకునేది చూసొద్దాం పద" అన్నారు. హోసూరు రోడ్డు దాటి లోపలికి వెళ్తే ట్రస్టు బోర్డు ఉంది, తలుపు తీసే ఉంది. ఏడు మిషన్లు గోనెసంచులు కప్పుకుని నిద్రపోతున్నాయి. మూడింటి మీద బడి యూనిఫారాలు కుడుతున్నారు. గిరిజమ్మ ఒకామె పక్కన వంగి, "ట్రైనింగా తల్లీ?" అని అడిగారు. "కూలీ అక్కా. పక్కనున్న అంగడి కూడా ఈ ట్రస్టాయనదే" అందామె.

తిరిగి వస్తూ ఆటోలో ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఆయన మన మేడ ఎక్కి చూసినాడా?"

"లేదండీ. ఫోటోలు పంపమన్నారు, పంపించాను."

"ఫోటోకి నిప్పంటదు కదప్పా" అన్నారు.

నేను రాజీనామా రాసి బల్ల మీద పెట్టాను. ఆవిడ దాని మీద టీ గ్లాసు పెట్టారు. "నువ్వు పోతే నీకు సులువు. ఇది రాయి ముందు" అని, ఆ అధికారి పైవాళ్ళకు ఉత్తరం చెప్పి రాయించారు. ఈ అనుమతి సరైన దారిలో రాలేదు, తప్పులో మా వంతు ఉంది, పత్రం వెనక్కి ఇస్తున్నాం, దయచేసి వేరే అధికారి వచ్చి మేడ ఎక్కి చూడండి అని. ఆర్డరిచ్చిన కంపెనీ మనిషికి ఆవిడే ఫోన్ చేసి అదే సంగతి చెప్పారు. వాళ్ళు సగం ఆర్డరు వేరే చోటికి మళ్ళించారు. పై అంతస్తుకు తాళం పడింది. గోడ మీద నా వరుసను నేను చెరిపించబోతే ఒప్పుకోలేదు. "రాసింది ఉండనీ, కింద ఇంగొగటి రాయించు" అన్నారు. మునియప్ప రాశాడు: "ఇది దానం కాదు. తప్పు మాది." నా పేరు రాయమన్నాను. "మాది అంటే చాలు, అందులో నువ్వు ఉండావు" అన్నారు.

ఎనభై మందినీ ఆవిడ పంపెయ్యలేదు. కింది అంతస్తుల్లోనే రెండు షిఫ్టులు పెట్టారు. రెండో షిఫ్టు తల్లుల పిల్లల్ని ఎవరు చూసుకుంటారన్నది నాకు బెంగ. రెండో రోజుకే దేవీరమ్మ తన ఇంటి వసారా ఊడ్చి చాపలు పరిచింది. అటుపక్క ఇళ్ళవాళ్ళు వంతులవారీగా వచ్చి కూర్చున్నారు. మేం వాళ్ళకు ఒక్క మాట కూడా చెప్పలేదు. బీది మారదు అన్నదానికి అర్థం నాకు ఆ వసారాలో, చాపల మీద నిద్రపోతున్న ఇరవై మంది పిల్లల్ని చూశాక తెలిసింది.

ఐదు వారాల తర్వాత కొత్త అధికారి వచ్చారు. చెమట తుడుచుకుంటూ మూడంతస్తులూ ఎక్కారు. అన్నీ చూసి, రెండో మెట్లదారి తలుపు దగ్గర ఆగి దాన్ని తోశారు. రాలేదు. పైన ఇనప గడియ ఉంది. అది తీసి మళ్ళీ తోశారు, అయినా రాలేదు. లాగితే వచ్చింది. "ఈ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. గడియ ఎవరు పెట్టించారు?" అన్నారు.

"నేనేనండీ" అన్నాను. "మిషన్లు పోతాయేమోనని."

గిరిజమ్మ ఆ తలుపును తానూ ఒకసారి తోసి చూశారు. కింది నుంచి పదిమంది ఆడవాళ్ళను పిలిపించారు. నన్ను ఆ తలుపుకు ఎదురుగా నిలబెట్టి, వాళ్ళను నా వెనక నిలబెట్టి, "నిప్పంటుకుంది అనుకోండమ్మా, అందరూ బయటికి పోవల్ల, తోయండి" అన్నారు. వాళ్ళు ముందు సిగ్గుపడి నవ్వారు. తర్వాత తోశారు. నా చెంప తలుపుకు అతుక్కుపోయింది. చేయి గడియ దాకా వెళ్ళింది కానీ తలుపు లాగడానికి నా వెనక జానెడు చోటు కూడా లేదు. కొత్తగా వేసిన పెయింటు వాసన ముక్కులోకి, నోట్లోకి వస్తోంది. వెనక నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పూర్తిగా ఆగిపోయాక, ఆవిడ "చాలు" అన్నారు.

తిరిగి చూస్తే ఆ పదిమందీ నావైపు చూడటం లేదు, తలుపువైపు చూస్తున్నారు. మొదటి పత్రం చెల్లి ఉంటే వాళ్ళు ఐదు వారాలుగా ఆ తలుపు పక్కనే కూర్చుని కాలర్లు కుడుతూ ఉండేవారు. ఆ సంతకం పది మిషన్లకు వచ్చిందని నేను లెక్క వేసుకున్నాను. అది ఎనభై మంది ప్రాణాల ధరకు వచ్చింది.

తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించాం, గడియ తీసేశాం, ఆ తర్వాత అనుమతి వచ్చింది. పోయిన సగం ఆర్డరు ఆ ఏడాది తిరిగి రాలేదు. మరుసటి ఏడాది అదే కంపెనీ మనిషి వచ్చి, ఫ్యాక్టరీ లోపలికి రాకముందే గోడ దగ్గర నిలబడి, ఆ 'తప్పు మాది' వరుసను ఎవరితోనో చదివించుకుని, పూర్తి ఆర్డరు ఇచ్చి వెళ్ళారు. ఆరోజు గిరిజమ్మ నాకు కాఫీ తెప్పించారు. "తాగప్పా, దీని వెనక బావమరిది లేడు" అన్నారు. ఆ తర్వాతే ఒక నియమం పెట్టారు: ఒక ఆఫీసులో మన అర్జీ ఉన్నన్నాళ్ళూ ఆ ఆఫీసు చెప్పినవాళ్ళకు ఏమీ ఇయ్యకూడదు. "అడిగేటప్పుడు ఇయ్యొద్దు, ఇచ్చేటప్పుడు అడగొద్దు" అనేవారు. పెద్ద పెద్ద సదస్సుల్లో ఈ విషయం మీద నేను గంటసేపు మాట్లాడగలను. అందులో యాభై తొమ్మిది నిమిషాలు నావి, ఆ ఒక్క నిమిషం ఆవిడది.

ఆవిడ పోయి మూడేళ్ళవుతోంది. ఫ్యాక్టరీని ఇప్పుడు ఆవిడ మేనకోడలు నడుపుతోంది. పోయిన నెల వెళ్ళాను. నల్లీలు ఇప్పుడు ఆరయ్యాయి. పాత వరుసలు చాలావరకు వెలిసిపోయాయి కానీ "ఇది దానం కాదు. తప్పు మాది." మాత్రం కొత్త నీలంతో మెరుస్తోంది. ఏటా దాన్ని మళ్ళీ దిద్దించాలని ఆవిడ చెప్పి వెళ్ళారట. ఆ గోడ మీద నా గురించి ఉన్నది ఆ ఒక్క వరుసే. మా ఇంట్లో అద్దాల చట్రాల్లో ప్రశంసాపత్రాలు చాలానే ఉన్నాయి. వచ్చినవాళ్ళకు చూపించాలనిపించేది మాత్రం ఆ గోడే.

ఇవాళ పెయింటు డబ్బా మూత తీసింది మునియప్పే. ముసలివాడయ్యాడు, అక్షరాలు మాత్రం అవే. తాగునీళ్ళ యంత్రం పక్కన ఒక గోడ కావాలని నేను ఆరు నెలలు కమిటీకి విన్నపాలు పెట్టుకుని సాధించాను. అంతకుముందు మా కొత్త భవనం ఫైలు ఉన్న ఆఫీసు నుంచి ఒక ట్రస్టు పేరు వచ్చింది, చాలా మంచి మాటలతో. వెళ్ళి చూద్దాం, ఫైలు తేలాక మాట్లాడదాం అని బదులు రాశాను. ఫైలు ఇంకా తేలలేదు. ఆలస్యానికి కారణం నేనేనంటున్నారు కనుక నా కొలువు సంగతి కూడా ఇంకా తేలలేదు.

శ్రావ్య నీళ్ళ సీసా పట్టుకుని వచ్చింది. మునియప్ప నడుమ గీత గీసి, కుడివైపు మొదటి వరుస ముగిస్తున్నాడు: భవనం అనుమతి, అడిగిన తేదీ, ఇంకా రాలేదు.

"సార్, ఎడమవైపు ఖాళీగా ఉందే" అంది.

"ఆ అనుమతి వచ్చేదాకా, ఇచ్చేవాటి వైపు ఖాళీగానే ఉంటుందమ్మా."

"సరే కానీ, ఇక్కడ ఇది ఎవరు చదువుతారు సార్?"

నేను నోరు తెరిచేలోపు మునియప్ప, గోడ మీద నుంచి చూపు తిప్పకుండానే, "నీ సీసా నిండేదాకా నువ్వు చదువు తల్లీ" అన్నాడు.

ఆమె మీట నొక్కి, సీసా పట్టుకుని, గోడకేసి తల ఎత్తింది.